ఎర్ర చీటీ

నేలమాళిగలో పనివాడు మోకాళ్ళ మీంచి లేచి, ప్యాంటుకంటిన బూజు దులుపుకొని, చొక్కా జేబులోంచి ఎర్ర చీటీ తీశాడు.

"అదేంటి?" అంది ఆర్డిస్.

"మీ మంచికేనండీ," అంటూ అతను గ్యాసు గొట్టం మీది పిడిని అడ్డంగా తిప్పేశాడు. చీటీకున్న సన్నటి తీగను ఆ పిడికి రెండు చుట్లు చుట్టి, పటకారుతో మెలిపెట్టాడు. ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు అడుగున ఎప్పుడూ నీలంగా వెలుగుతుండే చిన్న మంట ఒక్కసారి వణికి ఆరిపోయింది. పైన వంటింట్లో అయిదుగురు పిల్లలు మాకరోనీ కోసం చెంచాలతో బల్లను బాదుతున్నారు. బయట జనవరి. కిటికీ అద్దం లోపలివైపు కూడా మంచు పూలు పూసి ఉన్నాయి.

"పైకెళ్ళి కూర్చుందామండీ. కాగితాలు చూపిస్తాను."

"నేను కూర్చోను. ఇక్కడే చూపించు."

అతని చొక్కా మీద కోడీ అని కుట్టి ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. మంచి పలువరస, అంతకన్నా మంచి మర్యాద. ఊళ్ళో అందరూ నీలం వ్యాను వాళ్ళు అని పిలిచే కంపెనీ మనిషి.

మూడు రోజులుగా ఫర్నేసు తిక్కతిక్కగా నడుస్తోంది. మంట అంటుకుంటుంది. లోపల రేకు కాలి టిక్కుటిక్కుమంటుంది. ఇక బ్లోయరు తిరిగి వేడిగాలిని పైకి తోయాలి, కానీ తిరగదు. ఇంకాస్త వేడెక్కేసరికి మంటే ఆరిపోతుంది. చల్లబడ్డాక మళ్ళీ అంటుకుంటుంది. పొద్దస్తమానం ఇదే తంతు, ఇల్లు మాత్రం వెచ్చబడదు. ఇదంతా ఆర్డిస్ మెట్లు దిగుతూనే అతనికి చెప్పింది. అతను తలూపాడు, లోపలికి టార్చి వేశాడు. మూడేళ్ళ టిల్డా ఏడిస్తే ఆర్డిస్ పైకెళ్ళి ముక్కు తుడిచి వచ్చేసరికి, అతను వ్యానులో ఫోటో ముద్రించుకుని మరీ వచ్చి నిలబడ్డాడు.

ఫోటోలో బూడిదరంగు ఉక్కు. మధ్యలో కోడికాలి ముద్రలా మూడు పాయలుగా చీలిన నల్లటి పగులు, దాని పక్కన బొటనవేలంత తుప్పు మచ్చ. కింద మూలన నారింజరంగు చేతొడుగు కొస.

"ఇది మీ ఫర్నేసు లోపలుండే ఉక్కు గది అండీ. మంట మండేది ఇందులోనే. ఇది పగిలిందంటే విషవాయువు గాలిలో కలిసి పైకొస్తుంది. రంగుండదు, వాసనుండదు. పిల్లలున్న ఇల్లు..." అని ఆగాడు. ఎక్కడ ఆగాలో బాగా తెలిసిన మనిషి.

"బ్లోయరు ఎందుకు తిరగట్లేదో చూశావా?"

"గదే పగిలాక బ్లోయరుతో పనేముందండీ?"

"నేనడిగినదానికి అది జవాబు కాదు."

అతను చిరునవ్వు నవ్వాడు. "ఇవాళ సంతకం పెట్టారంటే గురువారం సాయంత్రానికి కొత్తది పెట్టేస్తాం. శుక్రవారం పదకొండింటికి మీకు కౌంటీ వాళ్ళ లైసెన్సు తనిఖీ ఉందటగా. మీవారు ఫోన్లో చెప్పారు."

ఆర్డిస్‌కి ఒళ్ళు భగ్గుమంది. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో పగటిపూట పరాయి పిల్లల్ని సాకుతోంది. గదిలో వెచ్చదనం అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలన్నది లైసెన్సులో మొదటి షరతు. అది లేకపోతే తనిఖీకి వచ్చినావిడ అక్కడికక్కడే లైసెన్సు ఆపేస్తుంది. ఒకసారి వేరే ఇంటికి అలవాటుపడ్డ పిల్లలు మళ్ళీ రారు. అది ఆర్డిస్‌కి తెలుసు. ఇప్పుడు వీడికీ తెలుసు.

"ఈ చీటీ తీసెయ్యమంటే?"

"కట్టినవాళ్ళే తియ్యాలండీ. మన దగ్గర పద్ధతి అదే కదా. కాదంటే కౌంటీ గ్యాసు ఇన్‌స్పెక్టరు వచ్చి తీయాలి. ఆయనకి పది రోజులదాకా ఖాళీ లేదు."

"అదీ కనుక్కునే వచ్చావన్నమాట."

"మీ మంచికేనండీ," అన్నాడు మళ్ళీ.

ఆమె సంతకం పెట్టలేదు. అతను ఫోటోని, కాగితాలని బట్టలుతికే మిషను మీద పెట్టి, మెట్లెక్కుతూ తలుపు దగ్గర పిల్లలకి చెయ్యి ఊపి మరీ వెళ్ళాడు.

ఆర్డిస్ భర్త డేల్ మూడింటికి నిద్రలేచాడు. గనిలో రాత్రి షిఫ్టు చేసేవాడికి అది తెల్లవారుజాము. దుప్పటి భుజాల మీద కప్పుకునే వంటింట్లోకి వచ్చి, రెండు కరెంటు హీటర్ల మధ్య కోట్లూ టోపీలతో ఆడుకుంటున్న పిల్లల్ని చూశాడు. 

"పెట్టెయ్యకపోయావా సంతకం?" 

"బ్లోయరు సంగతి అడిగితే నవ్వి దాటేస్తాడు. వాడికెలా పెట్టను?"

"వాడు ఆ పని నేర్చుకున్నవాడు. నువ్వు మాకరోనీ వండేదానివి."

"మాకరోనీ అడుగంటితే గరిట తిప్పుతాను. పొయ్యి మార్చను."

"నీతో పెట్టుకోలేను తల్లీ. ఆ వ్యాను వాళ్ళ నంబరు ఇచ్చింది పక్కింటి ఐలీ. ఐలీ చెప్తే ఈ వీధిలో ఇంక మాట్లాడేదుందా?" అని కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు. మామూలుగా అయితే ఇంకో పావుగంట వాదించే మనిషి. అంత తొందరగా ఎందుకు తప్పుకున్నాడో అప్పుడు ఆర్డిస్‌కి తట్టలేదు.

ఆమె ఇనపసామాను కొట్టుకి ఫోన్ చేసి, తీగని నేలమాళిగ దాకా సాగదీసుకుంది. కౌంటరు దగ్గర కూర్చునే రూడీ ప్రెబిల్ నలభై ఏళ్ళు ఫర్నేసులు బిగించినవాడు. లైసెన్సు ఇంకా వదల్లేదు, నోరు అసలే వదల్లేదు.

"మూత తియ్యమ్మా. కళ్ళెదురుగా చిన్న పెట్టె, గడియారం ముఖంలా గుండ్రటి బిళ్ళ ఉంటుంది. కనిపించిందా? పక్కన తెల్ల బొడిపె. దాన్ని బయటికి లాగు."

లాగింది. నేలమాళిగంతా దద్దరిల్లేలా బ్లోయరు తిరిగింది. ఫోన్లో కూడా వినిపించినట్టుంది.

"అదీ! మోటారుకి రోగం లేదు, బెల్టుకి రోగం లేదు. తిరగమని చెప్పే నోరు పడిపోయింది, అంతే. రేపు మధ్యాహ్నం వస్తాను. బొడిపె లోపలికి నొక్కెయ్, చల్లగాలి తోలుకుంటున్నావు."

బుధవారం మధ్యాహ్నం రూడీ తన రొట్టె పొట్లం చేత్తో పట్టుకునే వచ్చాడు. పిల్లలు కోట్లతోనే నిద్రపోతున్నారు. కరెంటు తీసి, రెండు మరలు విప్పి, బ్లోయరుని తిప్పే ఆ కంట్రోలును వంటింటి బల్ల మీదికి తెచ్చాడు. ముందు అరచేతిలో ఇమిడే పెట్టె, దాని వెనక జానెడు గొట్టం. గొట్టంలో రిబ్బను చుట్టలా మెలితిరిగిన సన్నటి రేకు. వేడి తగిలితే ఆ రేకు మెలిక విప్పుకుంటుంది, దాంతో ముందున్న బిళ్ళ తిరుగుతుంది. బిళ్ళ ఒక ముల్లు దాటగానే బ్లోయరు మొదలవ్వాలి. 

"నీ జుట్టు ఆరబెట్టుకునేది తీసుకురా," అన్నాడు.

ఆర్డిస్ డ్రయ్యరు తెచ్చి ఆ రేకు మీద వేడిగాలి ఊదింది. బిళ్ళ కొంచెం వణికింది. ఒక గీత జరిగింది, ఆగిపోయింది. ఇంకా ఊదింది. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కినా బిళ్ళ మొండికేసిన గాడిదలా అక్కడే నిలబడింది. రూడీ కళ్ళజోడు నుదుటి మీంచి దింపుకుని గొట్టాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరో బిళ్ళని చేత్తో తిప్పారు. ముల్లు జరపాలంటే రెండో చేత్తో బిళ్ళని కదలకుండా పట్టుకోవాలమ్మా. పట్టుకోకుండా తిప్పితే వెనక రేకు అడ్డంగా మెలిపడి కొన్నాళ్ళకి చస్తుంది. కొత్తగా పనికొచ్చేవాళ్ళకి మొదటిరోజు చెప్పే ముక్క ఇది. ఇంట్లో ఉండి సొంతంగా బాగుచేసుకునే మగాళ్ళు మాత్రం ఎప్పటికీ నేర్చుకోరు."

ఫ్రిజ్ దగ్గర పాలసీసా మూత తిప్పుతున్న చప్పుడు ఆగింది. ఆర్డిస్ అటు తిరిగింది. నిద్ర మధ్యలో లేచొచ్చిన డేల్ సీసా చేత్తో పట్టుకుని, ఫ్రిజ్ తలుపు మూయకుండా నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు?" అంది.

"నవంబర్లో, థాంక్స్‌గివింగ్ పండగ అయ్యాక. పగలు పడుకుంటే అది మొదలైనప్పుడల్లా మంచం కింద రైలు వెళ్ళినట్టుంటుంది. కాస్త ఆలస్యంగా తిరిగితే..."

"నిన్న వాడు పగులు అన్నాడని నేను చెప్పినప్పుడు నీ నోటికేమైంది?"

"పగులైతే నావల్ల కాదు కదా అనుకున్నా."

ఆర్డిస్ చేతిలో డ్రయ్యరు ఇంకా నడుస్తూనే ఉంది. ఆమె దాన్ని అతని మొహానికి గురిపెట్టిన సంగతి ఆమెకే తెలియలేదు. డేల్ జుట్టు వెనక్కి ఎగురుతోంది. "కాలుతోంది," అన్నాడు. "కాలనీ," అంది. రూడీ రొట్టెముక్క కొరుకుతూ పైకప్పుకేసి చూశాడు.

తర్వాత రూడీ చిన్న అద్దం, టార్చి పట్టుకుని నేలమాళిగలో అరగంట బోర్లా పడుకున్నాడు. ఫర్నేసులో నాలుగు ఉక్కు గదులు. నాలుగింటినీ మూలమూలా చూశాడు. లేచాక నడుం పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడ్డాడు.

"పగులు లేదు. పగులు సంగతి సరే, ఆ ఫోటోలో ఉన్నంత తుప్పు కూడా లేదు. ఇంకో పదేళ్ళు నడుస్తుంది."

"అయితే ఆ చీటీ తీసెయ్."

"అది నా చేతుల్లో లేదమ్మా. కంట్రోలు మారుస్తాను, బాగుందని రాసి సంతకం పెడతాను. చీటీ మాత్రం కట్టినవాడే విప్పాలి. నేను ముట్టుకుంటే నా లైసెన్సు పోతుంది, గ్యాసు వాళ్ళు నీ మీటరే ఊడబీకి పట్టుకుపోతారు." అతను మూతి తుడుచుకున్నాడు. "కంట్రోలు కూడా కొత్తది రావాలంటే వచ్చే వారమే. ఆగు, ఈ వీధిలో పన్నెండిళ్ళూ గని కంపెనీ ఒకే వేసవిలో కట్టింది. ఫర్నేసులన్నీ ఒకే రైల్లో దిగాయి. ఐలీ కొత్తది పెట్టించాక పాతది ఇంకా గ్యారేజీలోనే పడుందిగా?"

ఆర్డిస్ కోటు అందుకుంది. ఫోటో మడిచి జేబులో పెట్టుకుంది. "పిల్లలు లేస్తే ఆపిల్ ముక్కలు పెట్టు. తొక్క తియ్యి," అంది డేల్‌తో. డేల్ కత్తి వెతుక్కున్నాడు.

ఐలీ లాంపికి డెబ్బై నాలుగేళ్ళు. చర్చి వంటశాల ముప్పై ఏళ్ళుగా ఆమె చేతిలో ఉంది. చావు భోజనానికి ఎవరు ఏం వండి తేవాలో ఆమే చెప్తుంది, ఎవరూ ఎదురు చెప్పరు. భర్త ఉర్హో పోయి రెండేళ్ళయింది. తలుపు తీయగానే మొహానికి వెచ్చటి గాలి కొట్టింది. ఆ వెచ్చదనానికి ఆర్డిస్‌కి సుఖం కలగాల్సింది, కోపం వచ్చింది.

పాత ఫర్నేసు కంట్రోలు కావాలని ఆర్డిస్ అడగ్గానే ఐలీ రూడీకి గ్యారేజీ వైపు చెయ్యి చూపించింది.

"తీసుకోండర్రా, చెత్తేగా. శుక్రవారం వ్యాను వాళ్ళొచ్చి పట్టుకుపోతారు. నువ్వు అలా ఉండిపోకు అమ్మాయ్, సంతకం పెట్టెయ్. ఈ వయసులో నేనే పెట్టాను. నాది ఎలా పగిలిందో చూస్తే నీకు నిద్ర పట్టదు," అంటూ ఐలీ సొరుగులోంచి నీలం అట్ట ఫైలు తీసి విప్పింది.

కోడికాలి ముద్ర. బొటనవేలంత తుప్పు. కింద మూలన నారింజరంగు చేతొడుగు కొస.

ఆర్డిస్ తన జేబులోని ఫోటో తీసి, మడతలు చేత్తో సాపు చేసి, పక్కన పెట్టింది. ఐలీ కళ్ళజోడు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"రెండూ ఒకే రకం పగుళ్ళు."

"రకం కాదు ఐలీ. ఒకటే పగులు."

"నాది పొరపాటున నీకిచ్చి ఉంటారు."

అప్పటికి రూడీ గ్యారేజీలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కంట్రోలు చేతిలో ఉంది. "మీ పాతదాంట్లో కూడా టార్చి వేసి చూశానండీ, ఐలీ గారూ..."

"నిన్ను చూడమన్నానా?" అంది ఐలీ. రూడీ నోరు మూసుకున్నాడు. అతని నోరు మూయించగలిగిన మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే.

"శుక్రవారం వాళ్ళు వచ్చినప్పుడు మీ ఫోటో చూపిస్తే చాలు," అంది ఆర్డిస్. "రెండూ పక్కపక్కన పెడితే వాళ్ళు ఆ చీటీ తియ్యక ఛస్తారా? తనిఖీ పదకొండింటికి. ఒక్క మాట చెప్పండి, అంతే."

ఐలీ ఫోటోని తిరిగి అట్టలో పెట్టింది. అట్టని సొరుగులో పెట్టింది. సొరుగుని మోకాలితో నెట్టి మూసింది.

"ఈ కాగితం నా గడప దాటదు."

"ఎందుకు?"

"మెర్నాకి నేనే చెప్పాను, ఆ వ్యాను వాళ్ళని పిలవమని. వయలెట్‌కి చెప్పాను. పాస్టరు భార్యకి చెప్పాను. ముగ్గురి ఇళ్ళలోనూ కొత్తవి పెట్టారు. రేపు చర్చిలో నేను గరిట పట్టుకుని నిలబడితే వాళ్ళు నన్ను ఏమని చూడాలి?"

"మీ పరువు కోసం నేను లైసెన్సు పోగొట్టుకోవాలా? అయిదుగురు పిల్లలు కోట్లేసుకుని పడుకుంటున్నారు!"

"నీ పిల్లల గోల నాకు ఇక్కడికి వినిపిస్తూనే ఉంటుంది. పో అమ్మాయ్. కావలసింది తీసుకున్నావుగా, పో."

ఆర్డిస్ బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే బయటికి వచ్చేసింది. మంచులో తాళ్ళు ఈడ్చుకుంటూ నడిచింది. వెనక రూడీ కంట్రోలు చంకలో పెట్టుకుని వచ్చాడు.

గురువారం పొద్దున్నే రూడీ ఆ పాత కంట్రోలును డ్రయ్యరుతో పరీక్షించాడు. వేడి తగలగానే బిళ్ళ సాఫీగా తిరిగింది, ముల్లు దాటగానే టక్కుమంది. గాలి ఆపితే నెమ్మదిగా వెనక్కి వచ్చి మళ్ళీ టక్కుమంది. ఆ రెండు టక్కుల కోసమే ఇంత రాద్ధాంతం. దాన్ని బిగించి, వైర్లు కలిపి, కాగితం రాసి సంతకం పెట్టాడు. అంతా సిద్ధం, ఒక్క గ్యాసు తప్ప. అడ్డంగా ఉన్న పిడికి ఎర్ర చీటీ వేలాడుతూనే ఉంది.

ఆర్డిస్ నీలం వ్యాను కంపెనీకి ఫోన్ చేసింది. మేనేజరు పేరు ట్రాస్క్. గొంతులో తేనె కారుతోంది.

"మీ ఆందోళన నాకర్థమైంది మేడమ్. కానీ మా దగ్గర ఫోటో ఉంది."

"అదే ఫోటో మా పక్కింట్లోనూ ఉంది."

"పక్కింటావిడ ఆ మాట అంటున్నారా?"

ఆర్డిస్ నోట్లో మాట ఆగిపోయింది. ఆ ఆగడాన్ని అవతలి మనిషి విన్నాడు.

"పాత ఇళ్ళలో ఇలాంటి పగుళ్ళు దాదాపు ఒకేలా ఉంటాయి మేడమ్. రేపు పొద్దున లాంపి గారి పాత ఫర్నేసు తీసుకెళ్ళడానికి వస్తున్నాం, మీ కాగితాలు కూడా తెస్తాను. సంతకం అయ్యాక మీ తనిఖీ ఆవిడతో నేనే మాట్లాడతాను."

ఆమె ఫోన్ పెట్టలేదు, విసిరింది. అది తీగకి వేలాడుతూ గోడకి కొట్టుకుంది. నలుగురు పిల్లలు బిత్తరపోయి చూశారు, అయిదోది టిల్డా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం టిల్డా తల్లి వచ్చి, పిల్ల చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఆగింది. "ఐసు ముక్కల్లా ఉన్నాయి ఆర్డిస్."

"రేపటికి సర్దుకుంటుంది."

"నిన్నా అదే అన్నావు." ఆవిడ మంచి మనిషి, కళ్ళెత్తి చూడలేకపోయింది. "రేపు పదకొండు దాకా చూస్తాను. తర్వాత మా ఆడపడుచు దగ్గర దింపుతాను. తప్పుగా అనుకోకు."

శుక్రవారం తొమ్మిదిన్నరకి వ్యాను ఐలీ ఇంటి ముందు ఆగింది. ఆర్డిస్ పిల్లల్ని డేల్‌కి అప్పగించి, టోపీ కూడా లేకుండా మంచు దాటుకుంటూ వెళ్ళింది. మూడు రోజులుగా మాటలు పోగేసి పెట్టుకుంది. మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, అంట్లు తోముతూ ఒక్కో మాటనీ సానబట్టింది. ఇవాళ ఆ కోడీ మొహాన, ఆ తేనె గొంతు మొహాన అన్నీ కొట్టి తీరాలి. లైసెన్సు ఎలాగూ పోతుంది, కనీసం మాటలైనా లోపల మిగలకూడదు.

గ్యారేజీ తలుపు పైకి లేచి ఉంది. ట్రాస్క్ పొడుగాటి కోటుతో బయట నిలబడ్డాడు. కోడీ బరువులు తోసే బండి పట్టుకుని గడప దగ్గర ఆగిపోయాడు. లోపల ఐలీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. చర్చికి వేసుకునే నల్లకోటు, తలకి ఉన్ని టోపీ, ఒళ్ళో నీలం అట్ట, టార్చి, పౌడరు డబ్బీలోంచి ఊడదీసిన గుండ్రటి అద్దం. ఆ ప్రాంతంలో కరెంటు తీగ కోయడానికి వచ్చినవాడికైనా ముందు కాఫీ పోస్తారు. ఐలీ చుట్టుపక్కల కాఫీ వాసన కూడా లేదు.

"ఎత్తే ముందు చిన్న పనుంది," అంది. "పగులు చూపించు."

"మేడమ్, ఇప్పుడు దానితో..." అన్నాడు ట్రాస్క్.

"నిన్ను కాదు. ఫోటో తీసిన అబ్బాయిని అడుగుతున్నాను. నా కళ్ళు మసకలు, ఆ రోజు సరిగా చూడలేదు. వేలు పెట్టి చూపించు నాయనా."

కోడీ ట్రాస్క్ వైపు చూశాడు. ఐలీ టార్చి చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కోడీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి వేశాడు. మొదటి గదిలో అద్దం పెట్టి తిప్పాడు. కాంక్రీటు మీంచి చలి అతని మోకాళ్ళలోకి ఎక్కుతుంటే బరువు అటూ ఇటూ మార్చుకున్నాడు.

"చలిగా ఉంది మేడమ్. మీకు ఆరోగ్యం..."

"నాకేం, కొత్త ఫర్నేసు పెట్టించుకున్నదాన్ని," అంది ఐలీ. "కానీ నాయనా. తొందరేం లేదు."

రెండో గది. అద్దం రేకుకి తగిలి టింగుమంది. పక్కకి జరుగుతూ కోడీ ఆగాడు. తీసి ఆనించి ఉన్న రేకు తలుపు లోపలివైపు పెన్సిలు గీతలు, వరసలు వరసలుగా. "ఇక్కడేదో రాసుంది," అన్నాడు, ఏదో ఒకటి అనాలన్నట్టు.

"మా ఆయన రాత. ఆఖరిది చదువు."

కోడీ టార్చి దించాడు. "అక్టోబరు పదకొండు. నూనె వేశాను. బెల్టు మార్చాను. గదులు నాలుగూ..." అతని గొంతు తగ్గింది.

"వినపడలేదు."

"గదులు నాలుగూ చూశాను. బాగున్నాయి."

"ఆ తర్వాత మూడు వారాలకి పోయాడు," అంది ఐలీ. "నలభై ఏళ్ళు ఏటా చూసి రాశాడు. ఆ రాత నా గ్యారేజీలోనే ఉంది. అది వదిలేసి నీ ఫోటో నమ్మాను నేను."

"చాల్లే, లే కోడీ," అన్నాడు ట్రాస్క్. గొంతులో తేనె లేదు.

"ఇంకా రెండు గదులున్నాయి," అంది ఐలీ.

కోడీ లేవలేదు. మూడోది చూశాడు. నాలుగోది చూశాడు. నాలుగోది రెండుసార్లు చూశాడు. తర్వాత టార్చి ఆర్పి ఐలీ ఒళ్ళో పెట్టాడు.

"లేదండీ."

"ఏది లేదు?"

"పగులు లేదు."

"మరి ఫోటో ఎక్కడిది?"

"ఆఫీసులో ఇస్తారండీ. అందరం అదే వాడతాం."

"నమూనాగా చూపించడానికి..." అని ట్రాస్క్ మొదలుపెట్టాడు.

"నమూనా అని దాని మీద రాసుందా?" ఐలీ బకెట్ మీంచి లేచింది. లేవడానికి ఫర్నేసు పట్టుకోవాల్సి వచ్చింది. ఆర్డిస్ చెయ్యి అందించబోతే కళ్ళతోనే వారించింది. "ఇది ఇక్కడి నుంచి కదలదు. నీ బండి వెనక్కి తీసుకుపో. నాయనా కోడీ, నీకు ముప్పై ఏళ్ళుంటాయా? ఆఫీసులో ఇచ్చారని చెప్పే వయసు కాదది."

ఆర్డిస్ తన మాటల కోసం వెతుక్కుంది. అంత సానబట్టినవి ఒక్కటీ నాలుక మీదికి రాలేదు. ఐలీ మొహంలో ఉన్న కోపం ముందు తనది పిల్లల ఆటలా కనిపించింది. వాచీ చూసుకుంది. పది దాటింది.

"మా ఇంటికి పద," అంది కోడీతో. "ఆ పిడి తిప్పింది నువ్వే."

ట్రాస్క్ వెనక నుంచి రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు. కోడీ వెనక్కి తిరగలేదు. నేలమాళిగలో తీగ కత్తిరించి, పిడి నిలువుగా తిప్పి, అగ్గిపుల్ల పెట్టి చిన్న మంట వెలిగించాడు. పెద్ద మంట భుస్సుమని అంటుకుంది. రేకు టిక్కుటిక్కుమంది. ఇద్దరూ బిళ్ళకేసి చూస్తూ నిలబడ్డారు. బిళ్ళ నెమ్మదిగా జరిగింది. టక్కుమంది. బ్లోయరు తిరిగింది. పైన పిల్లలు హోయ్ అని అరిచారు, వాళ్ళతోపాటు డేల్ కూడా.

"క్షమించండి," అన్నాడు కోడీ.

"క్షమించను," అంది ఆర్డిస్. "గ్యాసు ఆఫీసుకి ఫోన్ చేసి చీటీ తీశానని చెప్పు. నా ఎదురుగా చెయ్యి."

చేశాడు. ఆమె పక్కన నిలబడి ప్రతి ముక్కా విన్నది.

పదకొండుకి వచ్చినావిడ గోడ పక్కన థర్మామీటరు పట్టుకుని, అరవై తొమ్మిది అని రాసుకుంది. టిల్డా తల్లి కారు బయట ఆగింది, ఆవిడ లోపలికి రాకుండానే ఒక నిమిషం చూసి, టిల్డాని అక్కడే ఉంచి కదిలిపోయింది. తనిఖీ ఆవిడ స్నానాలగదిలో సబ్బు ఉందో లేదో చూస్తుండగా ఆర్డిస్ కిటికీలోంచి బయటికి చూసింది.

ఐలీ వీధిలో నడుస్తోంది. చర్చి కోటు, చంకలో నీలం అట్ట. మంచు తవ్వని చోట మోకాలి దాకా దిగబడుతోంది. ఆర్డిస్ తలుపు తీసుకుని మెట్ల మీదికి పరిగెత్తింది.

"ఐలీ! ఆగండి, నేనూ వస్తాను. పది నిమిషాల్లో అయిపోతుంది."

ఐలీ ఆగలేదు, తల మాత్రం తిప్పింది. "నీ పని నువ్వు చూసుకో అమ్మాయ్. వాళ్ళని ఆ వ్యాను దగ్గరికి పంపింది నేను, నువ్వు కాదు. ముగ్గురికీ నేనే చెప్పాలి. నువ్వు పక్కనుంటే తప్పు సగం నీ మీదికి నెట్టేస్తాను."

మెర్నా ఇల్లు వీధి చివరన ఉంది. ఐలీ మెట్లెక్కింది. ఒక్కో బూటూ మెట్టుకి కొట్టి మంచు రాల్చుకుంది. టోపీ సరిచేసుకుంది. చెయ్యి గంట దగ్గరికి వెళ్ళి ఆగింది. లోపల ఎవరో కిటికీ తెర పక్కకి లాగారు. అప్పుడు గంట నొక్కింది, నొక్కిన వేలు తలుపు తెరిచేదాకా తీయలేదు.